చేయి చాస్తే అందే తల్లి

కడప జిల్లా ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) గుళ్లలో స్వరూపాల ముందు జరుగుతున్నది ఏమిటి? బొమ్మలకు మొక్కడమా, ఇంకేదన్నానా?

పులివెందుల నుంచి వేంపల్లె వైపు పోతుంటే వేముల తగులుతుంది. బయటివాళ్లకు ఈ మండలం తుమ్మలపల్లె యురేనియం గని వల్ల తెలుసు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు తెలిసిన లెక్కలు వేరు. ఏ వీధివాళ్లు ఏ దేవుడికి మొక్కుతారు, ఏ ఇంటివాళ్లు ఆదివారం ఏ గుడికి పోతారు అన్నది వాటిలో ఒకటి. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఎస్సీ కాలనీల్లో రెండు మూడు రకాల క్రైస్తవం పక్కపక్కనే కాపురం చేయడం మామూలే. సీఎస్‌ఐ వాళ్లది ఒకటి, పాస్టరు సొంతంగా కట్టుకున్న ప్రార్థన మందిరం ఒకటి, ఆర్‌సీఎం గుడి ఒకటి. ఏది ఎవరిదో తెలియడానికి బోర్డు చదవనక్కర్లేదు, తలుపు తీసి ఉంటే చాలు. గోడకు వట్టి సిలువ, పక్కన పెద్ద అక్షరాల్లో వాక్యం ఉంటే మొదటి రెండింట్లో ఏదో ఒకటి. సిలువ మీద ఏసు దేహం, ఒక పక్క నీలం పైటతో మరియమాత, ఇంకో పక్క చేతిలో లిల్లీ పూలతో జోజప్ప (యోసేపు) ఉంటే అది ఆర్‌సీఎం.

తగవంతా ఆ స్వరూపాల దగ్గరే. వాళ్లు బొమ్మలకు మొక్కుతారని అటువాళ్లంటారు. వాళ్లకు మాత అంటే లెక్కలేదని ఇటువాళ్లంటారు. మైకుల్లో, కరపత్రాల్లో సాగే వాదం కన్నా పెళ్లి సంబంధాల దగ్గర ఇది గట్టిగా తగులుతుంది. ఆర్‌సీఎం ఇంటి పిల్ల పెంతెకొస్తు ఇంటికి కోడలై పోతే పెట్టెలో జపమాల పోతుందా లేదా, మాత పటం ఆ ఇంటి గోడెక్కుతుందా లేదా అన్నది చిన్న సంగతి కాదు. కులం ఒకటే, ఊరు ఒకటే, బైబిలు ఒకటే. తేడా ఆ పటం దగ్గర వస్తుంది.

ఈ తగవు పడ్డ నేల కూడా అలాంటిలాంటిది కాదు. వేంపల్లెకు దగ్గర్లోనే, రాముడు బాణం మొనతో కొండరాతి మీద గీశాడని చెప్పుకునే గండి ఆంజనేయుడు ఉన్నాడు. ఒంటిమిట్టలో ఒకే రాతిలో చెక్కిన సీతారామలక్ష్మణులు ఉన్నారు. మొహర్రం వస్తే పీర్లు వీధుల్లోకి వస్తాయి, వాటిని ఎత్తుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు. దసరాకు ప్రొద్దుటూరులో వాసవీమాత అలంకారం చూడడానికి జిల్లా జిల్లా కదులుతుంది. మరోపక్క రాతికి మొక్కడాన్ని ఎగతాళి చేసిన వేమనదీ ఈ సీమే. కడపలో కాపురమున్న సి.పి. బ్రౌన్ ఆయన పద్యాలను ఏరికూర్చి 1829లో అచ్చు వేయించాడు. అంటే విగ్రహాన్ని ప్రేమించడమూ, విగ్రహాన్ని దెప్పడమూ రెండూ మిషనరీలు ఓడ దిగకముందే ఇక్కడ ఉన్నాయి. పడవలో వచ్చింది వాదానికి కొత్త పేర్లు మాత్రమే.

తెల్లగోడల వాళ్లు, రంగుల వాళ్లు

లండన్ మిషన్ కడపలో 1822లో కాలుపెట్టింది. 1795లో లండన్‌లో పుట్టిన ఆ సంఘాన్ని నడిపినవాళ్లలో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ శాఖవాళ్లు. గుడి అంటే సున్నం కొట్టిన గోడలు, ప్రసంగించే వేదిక, తెరిచిన బైబిలు. పదహారో శతాబ్దంలో జూరిక్ చర్చిల్లోంచి బొమ్మలను తీయించిన సంస్కర్తలకు వీళ్లు దూరపు వారసులు. బడి పెట్టారు, చదువు చెప్పారు, జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టారు. క్యాంప్‌బెల్ ఆసుపత్రిగా పేరుపడ్డ ఆ ఆసుపత్రిలోనే తర్వాత్తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి డాక్టరుగా తొలినాళ్లలో పనిచేశారు. 1947లో ఆ మిషన్ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో, అంటే ఇవాళ్టి సీఎస్‌ఐలో కలిశాయి.

కతోలికుల దారి ఇంకా పాతది, ఇంకా మెలికలది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి జెస్విట్లు కాషాయం కట్టి, సన్యాసుల్లా బతుకుతూ పుంగనూరు, కృష్ణాపురం వైపు సీమ పల్లెల్లో తిరిగారు. 1773లో రోము జెస్విట్ సభనే రద్దు చేసింది. యుద్ధాలు, వలసల మధ్య ఆ సంఘాలు చెదిరిపోయాయి. ఇవాళ కడప జిల్లాలో కనబడే ఆర్‌సీఎం ఎక్కువగా తర్వాతి పంట. 1875 నుంచి మద్రాసు మిషన్‌లోకి వచ్చిన మిల్‌హిల్ మిషనరీ సభ గురువులు, వెంటనే 1876-78 ధాత కరువు, ఆ కాలం నుంచి మాలమాదిగ పల్లెల్లో గుంపులుగా మతం మారడం. 1928లో నెల్లూరు మేత్రాసనం (డయోసీస్) ఏర్పడింది. 1976 అక్టోబరు 19న దాంట్లోంచి కడప మేత్రాసనం విడిపడింది.

రెండు మిషన్లూ చేరింది దాదాపు ఒకే జనం దగ్గరికి. ఒకరు పుస్తకం చేతికిచ్చారు, ఒకరు జపమాల చేతికిచ్చారు.

దీపం ఎక్కడుందో చూడండి

విగ్రహారాధన అన్న మాట గట్టిగా అనేముందు ఒక పని చేయాలి. ఏదో ఒక ఆర్‌సీఎం గుడిలో వెనక బల్ల మీద కూర్చుని, లోపలికి వచ్చేవాళ్ల మోకాళ్లు ఎటు వంగుతున్నాయో గమనించాలి. తెలిసినవాళ్లు ముందు మరియమాత వైపు వంగరు. పీఠం దగ్గర ఒక చిన్న పెట్టె ఉంటుంది, దివ్యమందసం. దాని పక్కన ఆరని ఎర్రదీపం ఉంటుంది. మోకాలు వంగేది అటు. పూజలో గురువు ఎత్తి చూపిన అప్పం ఆ పెట్టెలో ఉంటుంది. అది క్రీస్తు గుర్తు కాదు, క్రీస్తేనని కతోలికుల నమ్మకం. ఆరాధన దానికి. స్వరూపాలు పక్కల్లో, గూళ్లలో, గుమ్మం బయట గుహలో ఉంటాయి. వాటికి వందనం.

ఇది మాటల గారడీ అనిపిస్తే పాస్కకు (ఈస్టరుకు) ముందు వచ్చే శుక్రవారం గుడికి వెళ్లి చూడొచ్చు. గురువారం రాత్రే పీఠం మీద గుడ్డలు తీసేస్తారు. మందసం ఖాళీ చేస్తారు, తలుపు బార్లా తెరిచి ఉంచుతారు, దీపం ఆర్పేస్తారు. చాలాచోట్ల స్వరూపాలకు ఊదారంగు గుడ్డ కప్పుతారు. బొమ్మలన్నీ ఎక్కడివక్కడే ఉన్నా ఆ రోజు గుడి ఖాళీ అన్నట్టే కతోలికుల మనసుకు తోస్తుంది. బొమ్మే దేవుడైతే ఆ రోజు గుడి నిండుగానే ఉండాలి కదా.

హిందూ ఆలయ పద్ధతితో పోలిక కూడా ఇక్కడే ఆగిపోతుంది. ఆగమం ప్రకారం శిలకు ప్రాణప్రతిష్ఠ జరుగుతుంది, కళ్లు తెరిపిస్తారు. అప్పటినుంచి అది శిల కాదు, ఆ స్వామే. నైవేద్యం, పవళింపు అన్నీ ఆ లెక్కలోనే. ఆర్‌సీఎం గుడికి కొత్త స్వరూపం వస్తే గురువు ప్రార్థన చదివి, తీర్థజలం చల్లి ఆశీర్వదిస్తాడు. ఆ బొమ్మలోకి ఎవరినీ ఆహ్వానించడు. ఏది గొప్ప అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. రెండూ ఒకటి కావంతే. ఆర్‌సీఎం వాళ్లను తిట్టడానికి హిందువులను అడ్డం పెట్టుకునే ప్రసంగాలు రెండింటినీ తప్పుగానే అర్థం చేసుకుంటాయి.

వాక్యం చూపించమంటే రెండువైపులా ఉంది. పది ఆజ్ఞల్లో రూపం చేసుకోవద్దన్న మాట ఉంది. మీరు ఆ ఆజ్ఞను ఎగరగొట్టారని ఆర్‌సీఎం వాళ్ల మీద ఒక ఆరోపణ. నిజానికి బైబిల్లో ఆజ్ఞలకు అంకెలు లేవు. అగస్టీను లెక్కలో ఆ మాట మొదటి ఆజ్ఞలోనే కలిసి ఉంటుంది, చివర ఆశించవద్దన్నది రెండవుతుంది. లూథర్ కూడా ఆ లెక్కనే ఉంచుకున్నాడు. అదే నిర్గమకాండంలో కొన్ని పుటలు తిప్పితే, మందసం మీద బంగారంతో కెరూబులను చేయమని చెప్పిందీ ఆ దేవుడే. ఎడారిలో పాములు కరిస్తే కంచు సర్పాన్ని చేసి ఎత్తి పట్టమన్నదీ ఆయనే. అయితే ఆ సర్పం కథ అక్కడితో అయిపోలేదు. తరాల తర్వాత జనం దానికి ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు ముక్కలు చేయించాడు. ఆర్‌సీఎం గురువులు మొదటి సగం బాగా చెబుతారు. రెండో సగం కూడా అంతే గట్టిగా చెబితే బాగుంటుంది.

ఎందుకంటే చర్చి చరిత్రలోనే ఆ రెండో సగం పలుమార్లు తిరిగొచ్చింది. ఎనిమిదో శతాబ్దంలో బైజాంటియం చక్రవర్తులు చిత్రాలను పగలగొట్టించారు. దమస్కు యోహాను వాటి తరఫున వాదించాడు. దేవుడే మనిషి దేహం తొడుక్కుని కంటికి కనబడ్డాక ఆ రూపాన్ని గీయడం తప్పెలా అవుతుందన్నది ఆయన వాదంలో గట్టి పట్టు. 787లో నిసెయాలో కూడిన మహాసభ ఆరాధన దేవుడొక్కడికేనని, చిత్రానికిచ్చే గౌరవం ఆ చిత్రంలోని మనిషికి చేరుతుందని తేల్చింది. సంస్కరణ తుపాను తర్వాత 1563 డిసెంబరులో ట్రెంటు మహాసభ ఇంకో అడుగు వేసింది. బొమ్మలో దైవత్వం గానీ మహిమ గానీ ఉందని నమ్మకూడదు, బొమ్మను ఏదో అడిగి దాని మీద ఆశపెట్టుకోకూడదు అంది. అలా నమ్మేవాళ్లు ఉన్నారని తెలిసే కదా ఆ మాట అనాల్సి వచ్చింది.

వేలికొసల భక్తి

ఇంతకీ స్వరూపం ఎందుకు? గురువులను అడిగితే సాధారణంగా వచ్చే జవాబు అమ్మ ఫోటో. చనిపోయిన అమ్మ ఫోటోకు దండ వేస్తే కాగితానికి వేసినట్టా, అమ్మకు వేసినట్టా అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అమ్మ ఫోటోను ఎవరూ తేరు మీద ఊరేగించరు, చీర కట్టరు, తలనీలాలు ఇవ్వరు. ఆ జవాబు నిసెయా వరకే పనికొస్తుంది, వేముల వరకు రాదు.

ఇంకో పాత జవాబు ఉంది. సుమారు 600లో పోపు గ్రెగొరీ మార్సేయ్ పీఠాధిపతికి రాసిన ఉత్తరంలోది. చదువు రానివాళ్లకు చిత్రాలే పుస్తకాలన్నది దాని సారం. గుడి గోడల మీద సిలువమార్గపు పద్నాలుగు పటాలు చూస్తే నిజమే అనిపిస్తుంది. 1731లో పన్నెండో క్లెమెంటు పోపు కాలంలో పద్నాలుగని స్థిరపడ్డ ఆ కథను తపస్సుకాలం శుక్రవారాల్లో ముసలమ్మలు పటం పటం దగ్గర ఆగి, మోకరించి, అక్షరం ముక్క రాకుండానే మొత్తం చెబుతారు. కానీ ఈ జవాబూ చాలదు. ఆ ముసలమ్మ మనవరాలు ఇంజినీరింగ్ చదివింది. ఫోన్లో బైబిలు ఉంది. ఆమె కూడా గుడికి వస్తే స్వరూపం దగ్గరికే పోతోంది. చదవడానికి కాదు మరి.

ఆమె చేసే పని చూడండి. కొవ్వొత్తి వెలిగిస్తుంది. కుడిచేయి చాచి మాత పాదాన్ని వేలికొసలతో తాకుతుంది. ఆ వేళ్లను కళ్లకద్దుకుంటుంది. ఒడిలో బిడ్డ ఉంటే బిడ్డ చేతిని కూడా పట్టుకుని తాకిస్తుంది. నోట మాట ఉండొచ్చు, లేకపోవచ్చు.

నా ఉద్దేశంలో కడప జిల్లాలో స్వరూపం అంటే ముందు ఇది. చూసే వస్తువు కాదు, తాకే వస్తువు.

దీనికి మన ప్రాంతంలో ఉన్న బరువు రోములో ఉండదు. అక్కడ పునీత పేతురు దేవాలయంలో కంచు పేతురు కుడిపాదం తరతరాల యాత్రికుల చేతులకు, ముద్దులకు అరిగి నున్నబడింది. అది భక్తి. ఇక్కడ భక్తితోపాటు ఇంకొకటి ఉంది. గుడి గడప తొక్కనివ్వని జనం వీళ్లు. ఆలయప్రవేశాన్ని హక్కుగా చేసిన మద్రాసు చట్టం వచ్చిందే 1947లో. చట్టం వచ్చాక కూడా మూలవిరాట్టును తాకేది అర్చకుడే, మిగతా కులాలవాళ్లూ గర్భగుడి బయటే. నీ నీడ పడితే మైల అని విన్న మనిషి ఒక తల్లి పాదం మీద చేయి వేశాడు, ఎవరూ అదిలించలేదు. ఆ ఒక్క చర్యలో ఎంత ఉందో ధర్మశాస్త్ర గ్రంథాలు రాసినవాళ్లకు తట్టి ఉండదు. సువార్తలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో ఉన్న స్త్రీ గుంపులోంచి వచ్చి ఏసు వస్త్రపు అంచు తాకే కథ ఈ పల్లెల్లో ఎందుకు అంత దగ్గరగా వినబడుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం ఆమె కూడా మైలే.

విచిత్రం ఏమంటే వేలికొసల భక్తికి రోము నుంచి రాతపూర్వక అనుమతి ఉంది. రెండో వాటికన్ మహాసభ తర్వాత భారతదేశపు పీఠాధిపతులు పూజలో దేశీయ పద్ధతులకు పన్నెండు అంశాలు అడిగితే, 1969 ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు. కింద కూర్చోవడం, చేతులు జోడించడం, పంచాంగ ప్రణామం, హారతి, నూనెదీపం అందులోవే. పవిత్ర వస్తువును ముద్దుపెట్టుకోవడానికి బదులు చేతితో తాకి ఆ చేతిని కళ్లకో నుదుటికో అద్దుకోవచ్చన్నది కూడా అందులో ఒకటి. సంస్కృత శ్లోకాలు, కాషాయ వస్త్రాలు కలిసిన ఆ దేశీయతను చాలామంది దళిత కతోలికులు అగ్రకులపు రుచి అని అనుమానంగా చూశారు, అందులో తప్పుపట్టేదేం లేదు. కానీ ఈ ఒక్క అంశాన్ని ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. దర్గా దగ్గర, పీర్ల దగ్గర, పెద్దల పాదాల దగ్గర చేసే పనే కదా.

ఇక్కడితో ఆగితే కతోలిక సంఘానికి లేని కీర్తి ఇచ్చినట్టవుతుంది. స్వరూపాన్ని తాకనిచ్చిన గుళ్లలోనే కూర్చునే చోట్లకు, సమాధులకు కులం గీతలు గీసిన చరిత్ర దక్షిణాది కతోలికులకు ఉంది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానమంటూ ఒకటి ప్రకటించింది 2016లో. కడప మేత్రాసనానికి 1992లో గురువుగా అభిషిక్తుడైన పూల ఆంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యేదాకా తెలుగువాళ్లలో గానీ, దళితుల్లో గానీ ఆ పదవికి ఎవరూ చేరలేదు. ప్రభుత్వం వైపు నుంచి ఇంకో చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మతం మారి క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. దాంతో గోడ మీది పటం భక్తికే కాక, సర్టిఫికెట్టుకు సంబంధించిన వస్తువు కూడా అయి కూర్చుంది.

చీర కట్టిన మాత, తెల్లతోలు ఏసు

విజయవాడ గుణదల కొండ మీద 1924లో ఇటలీ గురువు అర్లాటి లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఆ తిరునాళ్లకు వచ్చేవాళ్లలో కతోలికులు కానివాళ్లూ దండిగా ఉంటారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు. కడప మరియాపురంలో ఆరోగ్యమాత పుణ్యక్షేత్రం ఉంది. ఆ ఆరోగ్యమాత మూలం తమిళనాడు తీరంలోని వేళాంగణి. అక్కడ ఆమె చీరకట్టులో కనబడుతుంది. బిడ్డ పుడితే ఫలానాది ఇస్తాననే మొక్కుబడులు ఈ క్షేత్రాల్లో మామూలు. ట్రెంటు సభ హెచ్చరించిన గీత దగ్గరికి మనం వచ్చేది ఇక్కడే. మాతను తన తరఫున ప్రార్థించమనడం వేరు. ఈ కొండ మీది మాతకు ఆ ఊరి మాత కన్నా మహిమ ఎక్కువ అనడం వేరు. రెండోది పల్లెల్లో వినబడుతుంది. గురువులు విని ఊరుకుంటారు. హుండీ కూడా ఊరుకోవడానికి ఒక కారణమని నేనంటే కోప్పడేవాళ్లు ఉండొచ్చు.

పోలికల మీద మరీ పట్టింపు ఉన్నవాళ్లకు లూర్దు నుంచే ఒక కథ. 1858లో తనకు కనబడిన దొరసాని ఎలా ఉందో బెర్నదెత్ అనే పిల్ల చెబితే, ఫాబిష్ అనే శిల్పి 1864లో పాలరాతి స్వరూపం చెక్కాడు. చూసి ఆ పిల్ల పెదవి విరిచింది, ఆమె ఇలా లేదంది. ప్రపంచమంతా, గుణదలతో సహా, నకలు తీసుకున్నది ఆ పెదవి విరిచిన రూపాన్నే. జనానికి పోలిక ముఖ్యం కాదన్నమాట.

మరి బొమ్మలు వద్దనేవాళ్ల ఇళ్లలో బొమ్మలు లేవా? వార్నర్ శాల్మన్ అనే అమెరికన్ 1940లో గీసిన ఏసు ముఖం, గోధుమరంగు జుట్టు, పైకి చూసే కళ్లు, క్యాలెండర్ల మీద, ఆటోల మీద శాఖలకు అతీతంగా తిరుగుతూనే ఉంది. ఆ చిత్రకారుడు ప్రొటెస్టెంటే. 1978లో కరుణామయుడు వచ్చాక విజయచందర్ ముఖమే ఏసు ముఖమైన తెలుగు ఇళ్లు ఎన్నో. ఆ సినిమాను పల్లెపల్లెలో తెరకట్టి చూపించినప్పుడు మోకరించినవాళ్లను ఎవరూ విగ్రహారాధకులు అనలేదు. అసలు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఈ గొడవలో వెనకబడింది. ఏసు ఆ తెల్లతోలుతో ఎందుకు ఉండాలి? మాతకు చీర కట్టగలిగినవాళ్లం ఆమె ముఖానికి మన ఎండ రంగు ఎందుకు వేయలేకపోయాం? పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లోని సాన్ సుల్పీస్ వీధుల్లో మూసపోసి అమ్మిన ప్లాస్టరు బొమ్మల ముఖాలే, అదే గులాబిరంగు బుగ్గలతో, సీమ పల్లెల గూళ్లలో ఇంకా నిలబడి ఉన్నాయి. ఆళ్లగడ్డలో రాతికి ప్రాణం పోసే శిల్పులను పక్కనే పెట్టుకుని.

ఇప్పుడు ప్లాస్టరు పోయి ఫైబరు వచ్చింది. తేలిక, పగలదు, ఎంత ఎత్తు కావాలంటే అంత పోస్తారు. దాంతో ఎత్తుల పోటీ మొదలైంది. చర్చి చట్టం 1188వ నియమం గుళ్లలో స్వరూపాలు మితంగా, తగిన వరుసలో ఉండాలంటుంది. రెండో వాటికన్ సభ 1963లో చెప్పిందీ అదే. చదివినవాళ్లు తక్కువలాగుంది. గుడి ముందు ఆకాశం వైపు లేచిన మాతను దూరం నుంచి ఫోటో తీసుకోవచ్చు, అంతే. ఇక లోపల ఉన్నవాటికి అద్దాల పెట్టెలు వస్తున్నాయి. దుమ్ము పడకుండా, రంగు పోకుండా, నగలు పోకుండా అంటారు. జనం అద్దాన్నే తాకి కళ్లకద్దుకుంటున్నారు. బాగా ఎత్తు స్వరూపాల సంగతి ఎలాగూ మన చేతిలో లేదు. ఆ అద్దాలు మాత్రం తీసేయొచ్చు. నగలు అసలు పెట్టనక్కర్లేదు, రంగు పోతే మళ్లీ వేయించుకోవచ్చు.